మోడు ఇచ్చిన చేతికర్ర

ప్రశ్న: సార్, మా నాన్నకి 71 ఏళ్లు. రోజూ పొద్దున్నే పొలం గట్ల వెంట మైలున్నర నడుస్తారు. ఈమధ్య ఎడమ మోకాలు నొప్పిగా ఉంటోంది. కొన్న కర్ర ఇస్తే పట్టుకోరు. అందుకని, నరికేసిన చెట్టు మోడు నుంచి నిటారుగా లేచిన పిలక ఒకటి కోసి, బెరడు చెక్కేసి, మేడ మీద ఎండలో పెట్టాను. పది రోజులకే రెండు చివర్లూ నిలువునా పగిలాయి. ఎక్కడ తప్పు చేశాను? అసలు బతికున్న మోడు నుంచి పిలక కోయడం పాపమేమో అని అమ్మ అంటోంది. కర్ర ఎంత పొడవుండాలో కూడా చెప్పండి.
– ఒక పాఠకురాలు

జవాబు: అమ్మా, ఎంపికలో మీరు ఏ తప్పూ చేయలేదు. కొమ్మ జోలికి పోకుండా మోడు పిలకను చూసి కోశారు. చేతికర్రకి అంతకంటే మంచి చెక్క దొరకదు. పెద్ద చెట్టు కోసం పెరిగిన వేళ్లు, చెట్టు పోయాక ఆ బలమంతా నాలుగైదు పిలకలకే పెడతాయి. పక్కపక్కనే లేచిన పిలకలు వెలుతురు కోసం పోటీ పడి పైకి పోతాయి. పక్క రెమ్మలు వేసే తీరిక వాటికి ఉండదు. అందుకే కణుపులు తక్కువ, వంపు తక్కువ.

తేడా వచ్చింది ఆరబెట్టడంలోనే. నా మొదటి కర్ర కూడా ఇలాగే ఎండలో పగిలింది, ఆ బాధ నాకు బాగా తెలుసు. చెక్క ఆరేటప్పుడు అన్ని వైపులా ఒకేలా ముడుచుకోదు. మధ్య నుంచి బెరడు వైపుకి ముడుచుకునేదానికి దాదాపు రెండింతలు చుట్టుకొలతలో ముడుచుకుంటుంది. ఆ లాగుడుకి ఎక్కడో ఒకచోట చీలాలి. తేమ అన్నిటికంటే వేగంగా పోయేది కోసిన చివర్ల నుంచి కాబట్టి ముందు అవే చీలుతాయి. బెరడు తీసేసి ఎండలో పెడితే ఇంకా తొందరగా చీలుతాయి.

ఈసారి కావలసిన దానికంటే రెండు వైపులా జానెడు ఎక్కువ ఉంచి కోయండి. అదే రోజు చివర్లకి కరిగించిన మైనం పూయండి. బెరడు అలాగే ఉంచి, గాలి ఆడే నీడలో, వంగకుండా అడ్డంగా పడుకోబెట్టండి. అంగుళం మందానికి ఏడాది అని లెక్క. నేనైతే నెలకోసారి తూకం వేసి బెరడు మీదే పెన్సిల్‌తో రాస్తాను. ఇప్పుడు నా చేతిలో ఉన్న కర్ర మీద పైనుంచి కిందికి పన్నెండు అంకెలున్నాయి. మొదటిది 640 గ్రాములు, చివరి రెండూ 430. వరుసగా రెండు నెలలు అంకె మారలేదంటే ఆరిందనే అర్థం. ఏడాది ఆగడం కష్టమే, కానీ ఇందులో షార్ట్‌కట్ లేదు.

కాస్త వంపు ఉంటే ఆరాక ఆవిరి పట్టండి. వేడికి చెక్క మెత్తబడుతుంది. నెమ్మదిగా సరిచేసి, పూర్తిగా చల్లారేదాకా కట్టి ఉంచితే అలాగే నిలబడుతుంది.

ఇక అమ్మగారి మాట. ఆవిడ అడిగింది న్యాయమైన ప్రశ్న. ఇంగ్లండ్‌లో సఫోక్ జిల్లాలో బ్రాడ్‌ఫీల్డ్ వుడ్స్ అనే అడవి ఉంది. అక్కడ 1252 నుంచీ మోడు దాకా నరకడం, పిలకలు పెరగనివ్వడం, మళ్లీ నరకడం సాగుతూనే ఉంది. అడవి ఇప్పటికీ బతికే ఉంది. అక్కడ పెరిగే హేజెల్ అనే చెట్టుని నరక్కుండా వదిలేస్తే ఎనభై ఏళ్లకి అటూ ఇటూగా పోతుంది. ఏడెనిమిదేళ్లకోసారి నరుకుతూ వస్తే వందల ఏళ్లు బతుకుతుంది. అక్కడి పాత చేతికర్రలు చాలావరకు ఈ హేజెల్, యాష్, చెస్ట్‌నట్ చెట్ల పిలకలే. హేజెల్ పిలకకి హనీసకిల్ తీగ చుట్టుకుంటే, ఆ తీగ బిగువుకి చెక్క పాము మెలికలా పెరుగుతుంది. అలాంటి మెలిక కర్రని ఒక్కసారి చేత్తో తడిమి చూస్తే వదలబుద్ధి కాదు.

అయితే అన్ని చెట్లూ ఇలా చిగురించవు. పైన్ జాతి చెట్లు చాలావరకు నరికితే చచ్చిపోతాయి. టేకు బాగా పిలకలేస్తుంది. ఆకు రాలిన కాలంలో, నేలకి దగ్గరగా, వాన నీళ్లు జారిపోయేలా ఏటవాలుగా కోయండి. కొత్త చిగుళ్లని మేకలు కొరక్కుండా రెండేళ్లు కంచె వేయండి. మోడుని చంపేది నరకడం కాదు, ఈ మేతే. చెట్టు ఎవరిదో వాళ్లని అడిగి కోయాలన్నది మీకు చెప్పక్కర్లేదు.

పొడవు మాట నాన్నగారు నడకకి వేసుకునే చెప్పులతో నిలబడ్డాకే చూడాలి. చేతులు వదులుగా వేలాడనిచ్చి, మణికట్టు దగ్గరి గీత నేలకి ఎంత ఎత్తులో ఉందో కొలవండి. పట్టు పై అంచు అక్కడికి రావాలి. కర్ర పట్టుకున్నప్పుడు మోచెయ్యి కొంచెం వంగి ఉంటుంది. అడుగున తొడిగే రబ్బరు పొన్ను ఎత్తు కూడా లెక్కలోకి వస్తుంది, కాబట్టి పొన్ను తెచ్చాకే ఆఖరి కోత కోయండి. నొప్పి ఎడమ మోకాలికి కదా, కర్ర కుడి చేతిలో ఉండాలి, ఎడమ కాలితో పాటే ముందుకు పడాలి. చాలామంది నొప్పి ఉన్న వైపే పట్టుకుంటారు. అలా పట్టుకుంటే ఆ మోకాలి మీద బరువు అంతగా తగ్గదు.

గుండె ఎత్తు ఉండే పంగకర్ర గట్టు దిగేటప్పుడు చాలా హాయి. బొటనవేలు పంగలో ఆనుతుంది. కానీ బరువంతా దాని మీద మోపి నడిచే మనిషికి అది పనికిరాదు. మీ నాన్నగారు ఎంత ఆనుకుంటున్నారో ఒక వారం గమనించి, డాక్టర్‌ని కూడా అడిగి, ఏదో ఒకటి ఎంచుకోండి.

పగిలిన కర్రని అప్పుడే పారేయకండి. చీలిక ఆగినచోటికి ఇంకో రెండంగుళాలు లోపలికి కోసి చూడండి. కోసిన ముఖం మీద తడిబట్టతో తుడిస్తే సన్న చీలిక ఉన్నా నల్లగీతలా కనిపిస్తుంది. గీత లేకుండా మణికట్టు ఎత్తు మిగిలితే పనికొస్తుంది. గీత కనబడితే మాత్రం దాన్ని నాన్నగారి చేతికివ్వొద్దు, టమాటా మొక్కకి ఊతంగా పాతేయండి.