రెట్టింపు లెక్కలోకి రాని ఖర్చులు

ప్రశ్న: సార్, నేను కర్నూలులో ప్రభుత్వ టీచర్‌ని. నెలకు 62 వేలు చేతికొస్తాయి. నంద్యాల రోడ్డు వైపు ఒక వెంచర్‌లో 4 సెంట్ల ప్లాటు చూశాం. సెంటు 5 లక్షలు. ఓర్వకల్లు ఎయిర్‌పోర్టు ఉంది కాబట్టి ఐదేళ్లలో రెట్టింపవుతుందని బ్రోకర్ అంటున్నాడు. 10 లక్షల ఎఫ్‌డీ తీసేసి, ఇంకో 12 లక్షలు లోన్ పెట్టి కొనమంటారా? ఇల్లు కట్టే ఆలోచన లేదు.

జవాబు: మేడమ్, బ్రోకర్ లెక్క 20 లక్షల దగ్గర మొదలై 40 లక్షల దగ్గర ఆగింది. మధ్యలో మీ చేతి నుంచి పోయేది ఆయన చెప్పడు, అది ఆయన పని కాదు కూడా.

ముందు రిజిస్ట్రేషన్. 7.5 శాతం చొప్పున లక్షన్నర. తక్కువ విలువ రాయిద్దామంటారు, ఒప్పుకోకండి. చట్టరీత్యా తప్పు, పైగా అమ్మేటప్పుడు ఆ తేడా కూడా లాభంగా లెక్కకొచ్చి పన్ను పడుతుంది.

తర్వాత అప్పు. 12 లక్షలకు 9.5 శాతం వడ్డీ, పదేళ్ల గడువు అనుకుంటే ఈఎంఐ దాదాపు 15,500. ఐదేళ్లలో 9.3 లక్షలు కడతారు. అందులో 4.7 లక్షలు వడ్డీకే పోతుంది, ఇంకా 7.4 లక్షల బాకీ మిగిలే ఉంటుంది. ఇల్లు కట్టకుండా ఖాళీ స్థలంగా ఉంచితే ఆ వడ్డీకి పన్ను మినహాయింపూ రాదు.

ప్లాటుకూ రిజిస్ట్రేషన్‌కూ కలిపి అయ్యే 21.5 లక్షల్లో అప్పు పోగా మీరు పెట్టే 9.5 లక్షలు 7 శాతానికి ఎఫ్‌డీలోనే ఉంటే ఐదేళ్లలో 3.8 లక్షలు తెచ్చేవి. ప్లాటు 20, రిజిస్ట్రేషన్ 1.5, అప్పు వడ్డీ 4.7, వదులుకున్న ఎఫ్‌డీ వడ్డీ 3.8, అన్నీ కూడితే 30 లక్షలు. సెంటు ఏడున్నర లక్షలకు అమ్ముడుపోతేనే, మీరు ఏమీ చేయకుండా ఊరికే ఉన్నదానితో సమానం. ప్లాటు లాభానికీ ఎఫ్‌డీ వడ్డీకీ పన్ను ఉంది కాబట్టి ఆ రెండూ పక్కన పెట్టాను.

ఇక రెట్టింపు మాట. ఎన్నేళ్లలో రెట్టింపు కావాలో ఆ సంఖ్యతో 72ను భాగిస్తే, ఏటా ఎంత శాతం పెరగాలో సుమారుగా తెలుస్తుంది. 72ను 5తో భాగించండి. ఏటా 14 శాతానికి పైగా, ఒక్క ఏడాదీ ఆగకుండా పెరగాలి. ఎయిర్‌పోర్టు 2021 మార్చిలోనే మొదలైంది. మీకు చెప్పిన 5 లక్షల్లో దాని ధర ఎప్పుడో కలిసిపోయింది. కర్నూలు న్యాయ రాజధాని అంటూ 2020లో బిల్లు తెచ్చారు, 2021 నవంబర్‌లో వెనక్కి తీసుకున్నారు. ఆ వార్త నమ్ముకుని స్థలం కొన్నవాళ్లు మీ స్టాఫ్‌రూమ్‌లోనే ఒకరిద్దరు ఉండొచ్చు, కదిపి చూడండి.

ఈ ధరకు, ఈ అప్పుతో వద్దనే నా మాట. కొన్నాక మీ దగ్గర మిగిలేది 50 వేలు. ఇంట్లో ఎవరికైనా ఆపరేషన్ అంటే ప్లాటు ఆ వారంలో అమ్ముడుపోదు.

అయినా మనసు అటే లాగుతుంటే ఒక పని చేయండి. మీ తమ్ముడో మరిదో ఆ బ్రోకర్‌కు ఫోన్ చేసి, "అదే వెంచర్‌లో నాకు 4 సెంట్లుంది, ఈ నెలలో అమ్మిపెట్టు, సెంటుకు ఎంతొస్తుంది?" అని అడగనివ్వండి. నాలుగు లక్షలు అన్నాడంటే, మీరు సంతకం పెట్టిన రోజే 4 లక్షలు పోయినట్టు.