ప్రధాన సంఖ్యా? అభాజ్య సంఖ్యా?

సందేహం: ప్రపంచంలోనే అతి పెద్ద ప్రధాన సంఖ్య దొరికిందనీ, అందులో 4 కోట్లకు పైగా సంఖ్యలున్నాయనీ 2024లో ఒక వార్త చదివాను. ప్రధానం అంటే ముఖ్యం కదా! 7 ముఖ్యమైనదీ 8 కానిదీ ఎలా అవుతాయి? అభాజ్య సంఖ్య అంటే సరిపోదా?

సమాధానం: ప్రధానాన్ని ముఖ్యంతో ముడిపెట్టడం దగ్గరే చిక్కు వచ్చింది. ముఖ్యం ముఖం నుంచి పుట్టింది. ప్రధానం పుట్టింది ‘ధా’ ధాతువు నుంచి. ధా అంటే ఉంచడం, ‘ప్ర’ అంటే ముందు. ముందు ఉంచినది ప్రధానం. ఈ ధాతువంటే నాకు చెప్పలేనంత ఇష్టం. కూడబెట్టి లోపల ఉంచితే నిధి. రెండిటినీ కలిపి ఉంచితే సంధి, సంధానం. చుట్టూ ఉంచితే పరిధి, వృత్తం గీసినప్పుడల్లా మనం తలుచుకునేదే. మనసును ఒకచోట నిలిపి ఉంచితే అవధానం. శ్రద్ధలో ఉన్నదీ ఈ ధాతువే. మీకు రాస్తున్న ఈ సమాధానమూ దాని బిడ్డే: చెదిరినవాటిని చక్కగా ఒకచోట పెట్టడం.

ఇక లెక్కలోకి వద్దాం. గుణకారానికి ముందుగా ఉండాల్సినవి ఏవి? 2, 3, 5, 7 లాంటివి, అంటే 1 కంటే పెద్దవై, 1తోనూ తమతోనూ తప్ప మరి దేనితోనూ శేషం లేకుండా భాగించలేనివి. 60 కావాలంటే 2×2×3×5, వరస మార్చుకోవచ్చు గానీ ప్రధాన సంఖ్యలతో వేరే కూర్పు లేదు. ముందే ఉన్నవి ప్రధానాలు, వాటి కలయికతో పుట్టినవి సంయుక్తాలు. ఇంగ్లీషు ‘ప్రైమ్’కు మూలమైన లాటిన్ మాటకూ ‘మొదటిది’ అనే అర్థం.

అభాజ్యం ‘భజ్’ ధాతువుది, భాగించరానిదని. హిందీలో అదే వాడుక. అర్థం చప్పున తడుతుంది, కాదనను. కానీ ఆ లెక్కన 1 కూడా అభాజ్యమే, అది ప్రధాన సంఖ్య మాత్రం కాదు. తెలుగు పాఠ్యపుస్తకాల్లో ప్రధాన సంఖ్య స్థిరపడింది, నా మొగ్గూ అటే. అభాజ్యం రాసినవారిని తప్పుపట్టను.

నాకు బాధ కలిగించింది ఆ వార్తలోని మిగతా మాటలు. ప్రధాన సంఖ్యలకు అంతం లేదని యూక్లిడ్ క్రీ.పూ. 300 ప్రాంతంలోనే నిరూపించాడు. మరి ‘అతి పెద్ద’ది ఎక్కడిది? ‘ఇప్పటికి తెలిసినవాటిలో పెద్దది’ అనాలి. ఇంకొకటి, సంఖ్యలో ఉండేవి అంకెలు, సంఖ్యలు కావు. అక్షరానికీ పదానికీ ఉన్నంత తేడా ఇది. కారణాంకం, ఘాతాంకం అన్నప్పుడు అంకం అంటే సంఖ్యే కదా అని పట్టుకుంటే నేను కొంత తగ్గాలి. సంస్కృతంలో ఆ వెసులుబాటు ఉంది. తెలుగు ‘అంకె’కు మాత్రం రాసేటప్పుడైనా హద్దు ఉండాలి.

ఆ సంఖ్య ఇదీ: 13,62,79,841 రెండ్లను గుణించి ఒకటి తీసేయాలి. మొత్తం 4,10,24,320 అంకెలు. ఘాతాంకం, అంటే ఎన్ని రెండ్లను గుణించామో ఆ సంఖ్య, ప్రధానమైనంత మాత్రాన ఫలితం ప్రధానం కానక్కర్లేదు. 11 రెండ్లను గుణించి ఒకటి తీస్తే 2047, అది 23×89. అందుకే ఇలాంటివి దొరకడం అరుదు. అంత పెద్దదాని చివర ఏముందో మీరే చెప్పగలరు. రెండ్లను గుణించుకుంటూ పోతే చివర 2, 4, 8, 6 తిరిగి తిరిగి వస్తాయి. ఘాతాంకాన్ని 4తో భాగిస్తే మిగిలేది 1, కాబట్టి చివర 2 వస్తుంది. అందులోంచి ఒకటి తీస్తే 1. అది చివరి అంకె. దాన్ని చివరి సంఖ్య అని మాత్రం రాయకండి.