ఆరో తరగతి ఫీజును ఐదుతో గుణించొద్దు

ప్రశ్న: మా పాప హైదరాబాద్‌లో ఐబీ (ఇంటర్నేషనల్ బాకలారియేట్ అనే అంతర్జాతీయ బోర్డు) స్కూల్లో ఆరో తరగతిలో చేరబోతోంది. ఏడాదికి ఫీజు రూ.6 లక్షలు. మా ఇద్దరి జీతాల్లోంచి నెలకు రూ.35 వేలు తీయగలం. అత్యవసర నిధి కాక రూ.15 లక్షల ఎఫ్‌డీ ఉంది. పదో తరగతి దాకా నెట్టుకురాగలమా?

జవాబు: పదో తరగతి దాకా వస్తారండీ. డబ్బు చాలనిది పదకొండులో.

ఐబీలో 6 నుంచి 10 వరకు మిడిల్ ఇయర్స్ ప్రోగ్రామ్, ఆ తర్వాత రెండేళ్లు డిప్లొమా. ఫీజు ఏటా 10 శాతం పెరుగుతుందనుకుంటే పదో తరగతికి రూ.8.78 లక్షలు, పన్నెండుకు రూ.10.63 లక్షలు. ఐదేళ్లకు రూ.36.63 లక్షలు, ఏడేళ్లకు రూ.56.92 లక్షలు. బస్సు, ల్యాప్‌టాప్, టూర్లు వేరే.

నెలకు రూ.35 వేల దగ్గరే ఆగిపోతే, ఎఫ్‌డీపై పన్ను పోను 6 శాతం వడ్డీ వచ్చినా, పది అయ్యేసరికి రూ.2 లక్షలు కూడా మిగలవు. డిప్లొమాకు మరో రూ.10 లక్షలు కావాలి. అదే నెలకు తీసే మొత్తాన్ని ఏటా 10 శాతం పెంచుకుంటూ పోతే, అంటే వచ్చే ఏడాది రూ.38,500, పన్నెండో తరగతికి రూ.62 వేలు చొప్పున, ఏడేళ్లూ గట్టెక్కుతాయి. జీతాలు అంతలా పెరుగుతాయా అన్నది మీ ఇద్దరూ కూర్చుని నిజాయతీగా తేల్చుకోవాలి.

పెరగవనిపిస్తే, బోర్డు మార్పు ఎనిమిది పూర్తవగానే చేయండి. సీబీఎస్ఈలో 9, 10 కలిపి రెండేళ్ల కోర్సు, తొమ్మిదిలోనే రిజిస్ట్రేషన్. నేరుగా పదిలో చేర్పించడం చాలా కష్టం. పైగా ఐబీలో ప్రతి సబ్జెక్టుకూ ఎ, బి, సి, డి అనే నాలుగు ప్రమాణాలు, ఒక్కోదానికి 8 వరకు పాయింట్లు. వందకు ఇన్ని మార్కులనే లెక్కకు అలవాటు పడటానికి పిల్లలకు సమయం పడుతుంది.

ఎఫ్‌డీని ఒకే ముక్కగా ఉంచొద్దు. ఫీజు గడువుకు నెల ముందు ఒక్కోటి మెచ్యూర్ అయ్యేలా విడగొట్టండి. మధ్యలో బద్దలు కొడితే వడ్డీ కోత పడుతుంది. పాత పన్ను విధానంలో ఉంటే రూ.1.5 లక్షల పరిమితిలో మినహాయింపు దొరుకుతుంది కానీ అది ట్యూషన్ ఫీజుకే. డెవలప్‌మెంట్, బస్సు ఫీజులకు రాదు. రసీదులో విడిగా చూపించమనండి.

చేర్పించే ముందు స్కూల్‌ను ఇంకొకటి కచ్చితంగా అడగండి: పదిలో ఈ-అసెస్‌మెంట్ (ఐబీయే కంప్యూటర్‌పై పెట్టే పరీక్ష) రాయిస్తారా? స్కూల్ ఇష్టాన్ని బట్టి ఉండే పరీక్ష అది. 56 పాయింట్లకు కనీసం 28 వస్తేనే ఐబీ సర్టిఫికెట్ ఇస్తుంది. అది రాయించకపోతే స్కూల్ ఇచ్చే గ్రేడ్లే మిగులుతాయి, పది తర్వాత వేరే బోర్డుకు మారేటప్పుడు చిక్కులు రావచ్చు. పరీక్ష ఫీజు ఎవరు కట్టాలో కూడా రాతపూర్వకంగా తీసుకోండి.