నడుము పోయిందంటే వయసును కాదు, ముందు సీటును చూడండి

"యాభై దాటాయి. లారీ దిగితే నడుము నిలబడట్లేదు, క్లచ్ తొక్కితే ఎడమ మోకాలు పోటు. ఈ నొప్పులతో ఇంకా బండి నడపొచ్చా?" అని అడిగారు. నేను మీకంటే పెద్దవాణ్ణి సోదరా, ఇప్పటికీ స్టీరింగ్ మీదే ఉన్నాను. నడపొచ్చు. కాకపోతే "వయసైపోయింది కదా, మామూలే" అనేవాళ్ల మాట మాత్రం వినకండి. ఆ మాటంటే నాకు ఒళ్లు మండుతుంది. అదే వయసులో ఆఫీసులో పనిచేసేవాడి నడుము ఇలా ఎందుకు లేదు?

నా నడుము పట్టేసిన రాత్రి సంగతి చెబుతాను. గోతుల రోడ్డు మీద గంటల తరబడి నడిపి అన్‌లోడింగ్ దగ్గరికి చేరాను. సీటు కింద షాక్ అబ్జార్బర్ పోయి అప్పటికే చాలా రోజులైంది. ఓనర్‌కి చెబుతూనే ఉన్నాను, చూద్దాంలే అంటూనే ఉన్నాడు. గేటు దగ్గర సూపర్‌వైజర్ "వెనక బండ్లున్నాయి, లోడు మీద పట్టా విప్పు, విప్పు" అని ఒకటే తొందర. ఇంజన్ ఆపి, దిగి, దిగిన కాలు దిగినట్టే తాడు పట్టుకుని వంగి లాగాను. నడుములో కలుక్కుమంది. పిర్ర నుంచి మడమ దాకా కాల్చిన తీగ దూసినట్టయింది. లేవలేను, కూర్చోలేను. వెనక టైరు పట్టుకుని అలాగే వంగి ఉండిపోయాను. సూపర్‌వైజర్ అరుపు మాత్రం ఆగలేదు.

పక్క బండి నడిపే పెద్దాయన పరుగెత్తుకొచ్చాడు. నన్ను లేపబోయిన వాళ్లను ఆపాడు. నేల మీద గోనెసంచి పరిచి, మెల్లగా వెల్లకిలా పడుకోబెట్టి, రెండు పిక్కలూ టూల్ బాక్స్ మీద పెట్టించాడు. కాసేపటికి నాకు ఊపిరి సరిగ్గా ఆడింది. "బండి దిగాక కాసేపు నడవనిదే తాడు ముట్టుకోకూడదయ్యా" అన్నాడు. ఎన్ని మందులు వాడినా నాకు ఆ ఒక్క మాట చేసినంత మేలు ఏదీ చెయ్యలేదు.

అందులో నిజం ఉంది. గంటల కొద్దీ కూర్చుంటే నడుము చుట్టూ కండరాలు అలిసిపోతాయి, కీళ్లను పట్టి ఉంచే తాళ్లలాంటి కట్లు (లిగమెంట్లు) సాగుతాయి. ఆ స్థితిలో వెంటనే వంగి బరువు లాగితే దెబ్బంతా వెన్నుపూసల మధ్య మెత్తలా ఉండే డిస్క్ మీదే. దానికి తోడు కుదుపు. కూర్చున్న మనిషి వెన్నెముక సెకనుకు నాలుగు నుంచి ఆరు సార్లు ఊగే కుదుపుకు బాగా లోనవుతుంది. పెద్ద బండి సీటులోంచి వచ్చే కుదుపు దాదాపు అలాంటిదే. యూరప్‌లో 2002లోనే పనివాళ్ల ఒంటికి ఎంత కంపనం తగలొచ్చో హద్దు పెడుతూ ఆదేశం తెచ్చారు. అంటే ఇది మన ఊహ కాదు. టైరు అరిగితే ఆ రోజే మార్పించే ఓనర్లు సీటు సంగతి వచ్చేసరికి ఎందుకు వాయిదా వేస్తారో నాకిప్పటికీ అర్థం కాదు.

కాబట్టి గట్టిగా అడిగి సీటు బాగు చేయించుకోండి. బరువు సెట్ చేసే నాబ్ ఉంటే మీ బరువుకు తిప్పండి. క్లచ్ పూర్తిగా తొక్కినప్పుడు కూడా మోకాలు కొంచెం వంగి ఉండేంత దగ్గరికి సీటు జరపండి. వెనక జేబులో పర్సు తీసేయండి. దిగేటప్పుడు దూకొద్దు. ముఖం క్యాబిన్ వైపు పెట్టి, హ్యాండిల్ పట్టుకుని, మెట్టు మెట్టుగా దిగండి. తర్వాత బండి చుట్టూ నడవండి. ఎవరు అరిచినా సరే.

నొప్పి మాత్రల గురించి ఒక మాట. దారిలో ఆపాల్సి వస్తుందని మనం నీళ్లు తక్కువ తాగుతాం. అలా ఉండి డైక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్ లాంటివి రోజూ మింగితే కిడ్నీల మీద, కడుపు మీద పడుతుంది, బీపీ కూడా పెరుగుతుంది. కండరాలు సడలడానికి, నరాల నొప్పికి ఇచ్చే మందుల్లో చాలావాటికి మత్తు వస్తుంది. డ్రైవర్‌నని డాక్టర్‌కి ముందే చెప్పండి. కాళ్లు చచ్చుబడినా, మూత్రం పట్టు తప్పినా, కూర్చునే చోట స్పర్శ తెలియకపోయినా మాత్రలతో కాలయాపన చెయ్యకుండా అప్పటికప్పుడే ఆసుపత్రికి వెళ్లాలి.

ఇక మీ మోకాలు. డాక్టర్‌కి ఎలాగూ చూపిస్తారు, దాంతోపాటు మెకానిక్‌తో క్లచ్ బూస్టర్, అంటే పెడల్ తేలిగ్గా తొక్కేలా సాయపడే భాగం, కూడా చూపించండి. అది సరిగా పనిచేయకపోతే పెడల్ బరువంతా ప్రతి గేరుకూ మీ ఎడమ కాలే మోస్తుంది, ఏ ఆయింట్‌మెంట్ రాసినా ఆ పోటు తగ్గదు.