చిప్పులు కాల్చేస్తున్న కొడుకు... క్యాంపస్ ఇంటర్వ్యూల సంగతేంటి?

ప్రశ్న: విజయవాడ ఆటోనగర్‌లో నాకు చిన్న లేతు షాపు ఉంది. మా అబ్బాయి ఈఈఈ మూడో ఏడాది. షాపులో మూలనపడ్డ బెంచ్ మిల్లింగ్ మెషీన్‌ను సీఎన్‌సీగా, అంటే కంప్యూటర్ నడిపే మెషీన్‌గా, మారుస్తానని ఏడాదిగా దానిమీదే ఉన్నాడు. అడుగు అడుగుగా తిరిగే స్టెప్పర్ మోటార్లు వద్దట, ఎక్కడున్నాయో చూసుకుంటూ తిరిగే బ్రష్‌లెస్ సర్వోలే కావాలట. 48 వోల్టుల 200 వాట్ల మోటారు కొన్నాడు. మోటారుకు కరెంటు ఇచ్చి నడిపే డ్రైవర్ బోర్డు సొంతంగా చేస్తానని ముందు ఎల్ 6234 చిప్పులు కాల్చాడు. తర్వాత డీఆర్‌వీ 8302తో చేసిన బోర్డూ పోయింది. ఇప్పుడు ఏ చిప్ కొనాలా అని రాత్రంతా ఫోన్ చూస్తుంటాడు. వచ్చే ఏడాది క్యాంపస్ ఇంటర్వ్యూలు. ఇది మానిపించి అమీర్‌పేటలో ఏదైనా కోర్సులో చేర్పించమంటారా?

జవాబు: మానిపించకండి. అయితే మూడు యాక్సిస్‌లకూ, అంటే మెషీన్ కదిలే మూడు దిశలకూ, తానే డ్రైవర్లు చేస్తానంటే మాత్రం ఒప్పుకోకండి. ఒక్క ఎక్స్ యాక్సిస్ చేయమనండి. మిగతా రెండింటికీ రెడీమేడ్ స్టెప్పర్ డ్రైవర్లు పెట్టేస్తే మెషీన్ తిరుగుతుంది, చదువూ సాగుతుంది. నిజానికి మీ బెంచ్ మిల్లుకు స్టెప్పర్లే సరిపోతాయి, ఆ మాట మీకూ తెలిసే ఉంటుంది. వాడు సర్వో కావాలంటున్నది మెషీన్ కోసం కాదు, నేర్చుకోవడం కోసం. అందులో తప్పేమీ లేదు. కాకపోతే మెషీన్‌కు నప్పే చిప్ వేరు, ఉద్యోగానికి పనికొచ్చే చిప్ వేరు. వాడి తికమకంతా ఈ రెండింటినీ కలిపి చూడటం వల్లే.

ఇక్కడినుంచి బాబుకే రాస్తున్నాను, చదివించండి.

బాబూ, కొత్త చిప్ వెతికే ముందు పాతది ఎందుకు పోయిందో చూడు. ఎల్ 6234 డేటాషీట్‌లో సప్లయ్ 52 వోల్టుల దాకా, కరెంటు పీక్‌లో 5 ఆంపియర్లు అని ఉంటుంది. నీ మోటారు 200 వాట్లు, 48 వోల్టులు. మామూలుగా తిరిగితేనే 4 ఆంపియర్ల పైచిలుకు. టేబుల్‌ను గబుక్కున కదిలించేటప్పుడు సర్వో దానికి రెండు మూడు రెట్లు అడుగుతుంది. అంటే కరెంటు దగ్గరే ఈ చిప్ చాలదు. ఇక వోల్టేజీలో మిగిలింది 4 వోల్టులే. టేబుల్ వేగం తగ్గించినప్పుడు మోటారు జనరేటరుగా మారి ఆ శక్తిని సప్లయ్ కెపాసిటర్లలోకి తోస్తుంది. మామూలు ఎస్‌ఎంపీఎస్ (పవర్ సప్లయ్) దాన్ని వెనక్కి తీసుకోలేదు కాబట్టి బస్ వోల్టేజీ, అంటే డ్రైవరుకు సప్లయ్ వచ్చే లైనులోని వోల్టేజీ, పైకి లేస్తుంది. ఆ దెబ్బకు 52 దాటడం ఎంతసేపు? 8302 పరిమితి 60 వోల్టులు, అది కూడా అదే దెబ్బకు పోయి ఉండవచ్చు. లేదంటే డెడ్ టైమ్ (ఒక స్విచ్ ఆఫ్ అయ్యాక రెండోది ఆన్ అయ్యేదాకా ఉండే విరామం) చాలక పై మాస్‌ఫెట్, కింది మాస్‌ఫెట్ అనే రెండు స్విచ్‌లూ ఒకేసారి ఆన్ అయి ఉండవచ్చు. బస్ మీద ఆసిలోస్కోప్ ప్రోబ్ పెట్టి, యాక్సిస్‌ను ఆపుతూ ఒక్కసారి చూస్తే ఏదో తేలిపోతుంది. వోల్టేజీ లేస్తుంటే ఆ అదనపు శక్తిని వేడిగా మార్చే బ్రేక్ రెసిస్టర్, దాన్ని ఆన్ చేసే ఒక మాస్‌ఫెట్ పెట్టు. అది లేకుండా ఏ చిప్ తెచ్చినా నాన్నగారి డబ్బే కాలుతుంది.

చిప్ విషయానికొస్తే, మాస్‌ఫెట్లు లోపలే ఉన్న రకం నీ మోటారుకు చిన్నది. డీఆర్‌వీ 8313 లాంటిది 2.5 ఆంపియర్ల పీక్ దగ్గరే ఆగిపోతుంది, కెమెరాను కదలకుండా పట్టే గింబల్ మోటార్లకు బాగుంటుంది. నీకు కావలసింది మాస్‌ఫెట్లను ఆన్, ఆఫ్ చేసే గేట్ డ్రైవర్, బయట ఆరు మాస్‌ఫెట్లు. 48 వోల్టుల బస్‌కు 100 వోల్టుల తరగతి డీఆర్‌వీ 8353 తీసుకుంటే ఊపిరి ఆడుతుంది. మూడు ఫేజుల కరెంటు కొలిచే యాంప్లిఫయర్లు కూడా అందులోనే ఉన్నాయి. 60 వోల్టుల 8323తోనే చేస్తానంటే సప్లయ్‌ను 36 వోల్టులకు దించు. మోటారు టాప్ స్పీడ్ కొంత తగ్గుతుంది, హాబీ మెషీన్‌కు దానివల్ల నష్టమేమీ ఉండదు.

ఫ్యాన్లకోసం చేసిన సెన్సార్‌లెస్ చిప్పులు చవగ్గా కనిపిస్తాయి, వాటి జోలికి వెళ్లకు. అవి రోటరు ఎక్కడుందో బ్యాక్ ఈఎంఎఫ్ (తిరిగే మోటారులో పుట్టే వోల్టేజీ) చూసి కనిపెడతాయి. మోటారు ఆగితే బ్యాక్ ఈఎంఎఫ్ ఉండదు. మిల్లింగ్‌లో యాక్సిస్ సగం సేపు చేసే పని కదలకుండా గట్టిగా పట్టుకోవడమే. స్పిండిల్‌కైతే సెన్సార్‌లెస్ పరవాలేదు, యాక్సిస్‌కు రోటరు ఎక్కడుందో చెప్పే ఎన్‌కోడర్ ఉండాల్సిందే. 1000 లైన్ల ఎన్‌కోడర్‌ను నాలుగింతలుగా లెక్కపెడితే చుట్టుకు 4000 కౌంట్లు వస్తాయి. చుట్టుకు 5 మిల్లీమీటర్లు జరిపే (లీడ్) బాల్ స్క్రూ మీద ఒక కౌంటు 1.25 మైక్రాన్లు. నీ పాత స్క్రూలో బ్యాక్‌లాష్ (దిశ మార్చినప్పుడు కనిపించే వదులు) అంతకు ఎన్ని రెట్లుందో డయల్ గేజ్ పెట్టి నాన్నగారినే కొలవమను.

టీఎంసీ 4671 అనే మోటార్ కంట్రోల్ చిప్ గురించి కూడా చదివే ఉంటావు. టార్క్, వేగం, పొజిషన్‌లను కొలుస్తూ సరిచేసే లూపులు మూడూ ఆ చిప్ లోపలే నడుస్తాయి. బయట గేట్ డ్రైవర్ పెట్టి, రిజిస్టర్లలో సెట్టింగులు నింపితే చాలు. మెషీన్ త్వరగా నడవాలంటే నేను దానికే ఓటేస్తాను. కానీ ఇంటర్వ్యూలో కూర్చున్నవారు ‘కరెంట్ లూప్ ఎలా ట్యూన్ చేశావు?’ అని అడిగితే నీ దగ్గర చెప్పడానికి రిజిస్టర్ నంబర్లు తప్ప ఏమీ ఉండవు. అందుకే ఎస్‌టీఎం32జీ4 లాంటి మైక్రోకంట్రోలర్ మీద కరెంట్ లూప్ నువ్వే రాయి. డెడ్ టైమ్ పెట్టుకునే టైమర్లు, సైన్ కొసైన్ లెక్కలు చేసే యూనిట్ అందులో ఉన్నాయి. 20 కిలోహెర్ట్జ్ పీడబ్ల్యూఎం (మాస్‌ఫెట్లను వేగంగా ఆన్, ఆఫ్ చేయడం) అంటే ప్రతి 50 మైక్రోసెకన్లకూ లెక్క పూర్తికావాలి. ఆ యాభైలో నీ కోడ్ ఎన్ని తింటోందో కొలిచి రాసిపెట్టుకో. కాలిన ప్రతి బోర్డు గురించీ ఒక పేజీ రాయి: ఏం చూశావు, ఏం అనుమానించావు, ఎలా తేల్చావు. రెజ్యూమేలో ‘సీఎన్‌సీ ప్రాజెక్ట్’ అనే రెండు పదాలకంటే ఆ పేజీలకే విలువ.

నాన్నగారికి మళ్లీ. ఈ పనికి ఉద్యోగాలు ఎక్కడున్నాయంటే, చిప్ కంపెనీల్లో అప్లికేషన్స్ ఇంజనీర్లుంటారు. కస్టమరు మోటారుకు ఏ చిప్ నప్పుతుందో, బోర్డు ఎందుకు కాలిందో చెప్పడమే వాళ్ల పని. టెక్సాస్ ఇన్‌స్ట్రుమెంట్స్ 1985 నుంచీ బెంగళూరులో ఉంది. మోటార్ కంట్రోల్ చిప్పులు చేసే మైక్రోచిప్ 2023లో హైదరాబాద్‌లో ఆర్‌అండ్‌డీ కేంద్రం తెరిచింది. రైల్వేకు ఎలక్ట్రానిక్స్ చేసే మేధా సర్వో డ్రైవ్స్ కూడా హైదరాబాద్‌దే. హోసూరు, కృష్ణగిరి వైపు ఎలక్ట్రిక్ స్కూటర్ల ఫ్యాక్టరీల్లో తిరిగే మోటార్లకూ ఈ విద్యే కావాలి. అయితే ఇలాంటి కంపెనీలు అన్ని కాలేజీలకూ రావు. బయటినుంచి అప్లై చేసుకోవాలి, తిరగాలి, కొంత ఆలస్యం కావచ్చు. క్యాంపస్‌కు వచ్చే సాఫ్ట్‌వేర్ సర్వీస్ కంపెనీలు ఆప్టిట్యూడ్, కోడింగ్ చూస్తాయి, డ్రైవర్ బోర్డు గురించి అడగవు. కాబట్టి రోజుకో గంట వాటికీ కేటాయించమనండి, చేతిలో ఒక ఆఫర్ ఉంటే మంచిదే. గేట్ పరీక్ష రాసే ఉద్దేశం ఉంటే ఎలక్ట్రికల్ సిలబస్‌లో పవర్ ఎలక్ట్రానిక్స్, మెషీన్స్, కంట్రోల్ సిస్టమ్స్ ఎలాగూ ఉన్నాయి.

ఒక్క విషయంలో మాత్రం గట్టిగా ఉండండి. ఆటోనగర్‌లో పాత మెషీన్ల ఏసీ సర్వోలు స్క్రాపులో దొరుకుతాయని వాడు ఎప్పుడో ఒకప్పుడు అడుగుతాడు. 230 వోల్టుల ఏసీని రెక్టిఫై చేస్తే 325 వోల్టుల డీసీ. స్విచ్ తీసేశాక కూడా కెపాసిటర్లలో ప్రాణం తీసేంత మిగులుతుంది. డిగ్రీ అయ్యేదాకా ఇంట్లో 48 వోల్టులు దాటనివ్వకండి.

కోర్సు సంగతి: ఇప్పుడు వద్దు. పవర్ ఎలక్ట్రానిక్స్, మోటార్ డ్రైవ్స్ పాఠాలు ఎన్‌పీటెల్ వెబ్‌సైట్‌లో ఉచితంగా ఉన్నాయి, ఐఐటీల ప్రొఫెసర్లే చెప్పారు. ఆ ఫీజు డబ్బుతో రెండు ఛానళ్ల ఆసిలోస్కోప్, వీలైతే ఒక కరెంట్ ప్రోబ్ కొనిపెట్టండి. అవి వచ్చేదాకా కొత్త చిప్పులకు మాత్రం డబ్బు ఇవ్వకండి.