హైదరాబాద్ ఎఫ్‌సీ ఎందుకు నిలబడలేదు? ఒక అభిమాని జవాబు

"2022లో ఛాంపియన్ అయిన ఫుట్‌బాల్ క్లబ్ హైదరాబాద్ ఎఫ్‌సీ మూడేళ్లు తిరిగేసరికి ఊరే వదిలి ఢిల్లీకి ఎలా వెళ్లిపోయింది? అభిమానులు ఏమనుకుంటున్నారు?" అని అడిగారు.

డబ్బుల్లేక అని అందరూ చెబుతారు. అది నిజమే. కానీ నన్నడిగితే అది రెండో కారణం. ఈ క్లబ్ ఇక్కడి మైదానాల వైపు తిరిగి చూడలేదు. అందుకే డబ్బు అయిపోయిన రోజున పట్టుకుని ఆపే చెయ్యి ఒక్కటీ లేకపోయింది. ఇందులో నాకు అనుమానం లేదు.

నేను తిరుమలగిరి వైపు ఉంటాను. చదువుకునే రోజుల్లో లెఫ్ట్ బ్యాక్, అంటే ఎడమ పక్క డిఫెండర్‌గా ఆడేవాణ్ణి. 2019లో పుణె జట్టు పోయి దాని స్థానంలో హైదరాబాద్‌కు ఐఎస్‌ఎల్ (ఇండియన్ సూపర్ లీగ్) జట్టు వస్తోందని తెలిసినప్పుడు ఇంట్లో పండగ చేసుకున్నంత సంబరపడ్డాను. నవంబర్ 2న గచ్చిబౌలిలో మొదటి హోమ్ మ్యాచ్. కేరళ బ్లాస్టర్స్ మీద 2-1తో గెలిచాం. మన మార్సెలినో ఫ్రీకిక్ వలలో పడ్డప్పుడు నా పక్కన కూర్చున్న ముక్కూమొహం తెలియని పెద్దాయన నన్ను వాటేసుకున్నాడు. స్టాండ్స్‌లో పసుపు జెండాలు చాలావరకు కేరళవాళ్లవే. అయినా బాధ అనిపించలేదు. మనకూ ఒక జట్టు వచ్చింది, జనం మెల్లగా వస్తారనుకున్నాను. ఆ సీజన్‌లో 18 మ్యాచుల్లో గెలిచినవి రెండే. అట్టడుగున నిలిచాం. కొత్త జట్టు కదా అని సర్దుకున్నాం.

తర్వాత కోచ్‌గా మనోలో మార్కెజ్ వచ్చాడు. ఆయన కుర్రాళ్లను నమ్మాడు. లిస్టన్ కొలాసో, ఆశిష్ రాయ్, ఆకాశ్ మిశ్రా ఆయన చేతిలో పదునెక్కినవాళ్లే. 2022 మార్చి 20న గోవాలో ఫైనల్, మళ్లీ కేరళతోనే. 88వ నిమిషంలో సాహిల్ తవోరా కొట్టిన గోల్‌తో 1-1 అయింది. పెనాల్టీల్లో గోలీ కట్టిమణి మూడు ఆపాడు. ఆ రాత్రి మా ఫ్రెండ్ వాళ్లింట్లో అరిచిన అరుపులకు కింది వాటావాళ్లు భయపడి పైకొచ్చారు.

ఇక్కడే నా గొడవ మొదలవుతుంది. లిస్టన్ 2021లో కోల్‌కతా క్లబ్‌కు వెళ్లిపోయాడు. మరుసటి ఏడాది ఆశిష్ అదే దారి పట్టాడు. 2023లో ఆకాశ్ ముంబైకి పోయాడు, కోచ్ మనోలో గోవాకు పోయాడు. ఆటగాళ్లను అమ్ముకోవడం తప్పని నేననను, ఏ క్లబ్ అయినా అలాగే బతుకుతుంది. కానీ ఒకడు వెళ్తుంటే వెనక ఇద్దరు తయారవుతూ ఉండాలి. మనకు తయారుచేసింది ఒక కోచ్, క్లబ్ కాదు. కోచ్ పోగానే ఆ పని ఆగిపోయింది.

2023-24 గురించి తలచుకుంటే ఇప్పటికీ కడుపు రగిలిపోతుంది. జీతాలు అందక సీనియర్లు ఒక్కొక్కరే వెళ్లిపోయారు. కొత్తవాళ్లను తెచ్చుకుందామంటే ప్రపంచ ఫుట్‌బాల్ సంస్థ ఫిఫా నిషేధం. రిజర్వ్ జట్టులో ఉన్న పిల్లల్ని తెచ్చి నేరుగా ఐఎస్‌ఎల్‌లో దింపారు. 22 మ్యాచుల్లో ఒక్కటంటే ఒక్కటే గెలిచాం, అదీ మార్చిలో చెన్నైయిన్ మీద.

ఆ సీజన్ చివరి నెలల్లో ఒక సాయంత్రం మా అక్క కొడుకును బండి మీద ఎక్కించుకుని మ్యాచ్‌కి తీసుకెళ్లాను. వాడికప్పుడు పదమూడేళ్లు. వాడూ లెఫ్ట్ బ్యాకే. తిరుమలగిరి నుంచి గచ్చిబౌలికి గంటన్నర పట్టింది. (ఏడున్నరకు మ్యాచ్ పెడితే మా వైపు నుంచి ఆఫీసు చూసుకుని వచ్చేవాడు ఎలా వస్తాడో ఎవరూ ఆలోచించరు. మెట్రో రాయదుర్గం దగ్గరే ఆగిపోతుంది. తొమ్మిదిన్నరకు మ్యాచ్ అయ్యాక పిల్లల్ని వెంటబెట్టుకుని బస్సు కోసం నిలబడి చూడండి, తెలుస్తుంది. పైగా అది అథ్లెటిక్స్ స్టేడియం. స్టాండ్‌కీ మైదానానికీ మధ్య రన్నింగ్ ట్రాక్. ఆట ఎక్కడో దూరంగా జరుగుతున్నట్టుంటుంది.)

ఆ రోజు మాత్రం అన్నీ దగ్గరగా వినిపించాయి, ఎందుకంటే జనం లేరు. కోచ్ "లోపలికి, లోపలికి జరుగు" అని సైగ చేస్తూ అరవడం, బంతి బూటుకు తగిలిన చప్పుడు, గోలీ తిట్లు, అన్నీ. మన రైట్ బ్యాక్ ఇరవై ఏళ్లు కూడా నిండనట్టున్నాడు. అవతలి వింగర్ ఆరితేరినవాడు. ప్రతిసారీ అదే పక్క నుంచి, అదే మలుపు తిప్పి ఇతన్ని దాటుకుపోతున్నాడు. సహాయానికి వచ్చే మిడ్‌ఫీల్డర్ కూడా కుర్రాడే, వాడికీ ఎప్పుడు వెనక్కి రావాలో తెలియడం లేదు. పక్కనే ఒక సీనియర్ ఉండుంటే రెండు మాటలతో సరిపోయే తప్పు అది. చెప్పేవాడు లేడు. డెబ్బయ్యో నిమిషం దాటాక ఆ కుర్రాడికి పిక్క పట్టేసింది. కింద కూలబడ్డాడు. తోటి ఆటగాడు వచ్చి కాలు పైకెత్తి పాదాన్ని వెనక్కి నొక్కాడు. లేచాడు. రెండు అడుగులు కుంటాడు. మళ్లీ పరుగు.

మావాడు చిప్స్ ప్యాకెట్ ఒళ్లో పెట్టుకుని తినడం మర్చిపోయాడు. "మామా, వీళ్లకు జీతాలు కూడా రావట్లేదంట కదా. మరి ఆ అన్న ఎందుకంత పరిగెడుతున్నాడు?" అన్నాడు.

నేనేం చెప్పను? "ఆట అంటే ఇష్టం రా" అన్నాను.

ఓడిపోయాం. మ్యాచ్ అయ్యాక ఆటగాళ్లు మా స్టాండ్ వైపొచ్చి చప్పట్లు కొట్టారు. ఆ కుర్రాడు తల ఎత్తలేదు. మావాడు రెయిలింగ్ పట్టుకుని "అన్నా!" అని గట్టిగా పిలిచాడు. అతను తలెత్తి చూసి, చెయ్యి పైకెత్తి వెళ్లిపోయాడు.

తిరుగు దారిలో ప్యారడైజ్ దాటేదాకా మావాడు నోరు విప్పలేదు. సిగ్నల్ దగ్గర ఆగితే వెనక నుంచి అడిగాడు: "మామా, నేను కూడా ఆ టీంలో ఆడాలంటే ఎవర్ని అడగాలి?"

మొదటి మ్యాచ్ నుంచి ఈ క్లబ్‌ని చూస్తున్న నాకు ఆ ప్రశ్నకు జవాబు తెలియదు. మా కోచ్ సార్‌ని అడిగాను. ఇరవై ఏళ్లుగా మా మైదానంలో పిల్లలకు ఆట నేర్పిస్తున్నాడాయన. ఆయనకూ తెలియదు. క్లబ్ తరఫున ఎవరూ ఎప్పుడూ ఆయన దగ్గరికి రాలేదు. మీరు నన్ను ఒక్క కారణం చెప్పమంటే ఇదే చెబుతాను.

ఆ వేసవిలో ఒక ప్రైవేటు అకాడమీ ట్రయల్స్ పెడితే డబ్బు కట్టి తీసుకెళ్లాను. రెండు వందల మంది పిల్లలు. ఛాతీ మీద కాగితం మీద 147 అని రాసి పిన్ను గుచ్చారు. పది నిమిషాలు ఆడించారు, అందులో మావాడి కాలికి బంతి తగిలింది మూడుసార్లు. అట్ట పట్టుకున్నాయన వచ్చి ఎత్తెంత అని అడిగాడు. ఫోన్ చేస్తామన్నారు, చెయ్యలేదు. మావాడు ఎంపిక కాలేదని కాదు నా బాధ. వాడికి రెండు కాళ్లూ ఆడతాయని, ఎండాకాలం చీలమండ వాస్తుందని, ఓడిపోతుంటే ఇంకా గట్టిగా ఆడతాడని మా కోచ్ సార్‌కి తెలుసు. మూడేళ్లు చూశాడు కాబట్టి. బోయిన్‌పల్లిలోనో బొల్లారంలోనో ఇలాంటి కోచ్‌లకు నెలకొకసారి ఫోన్ చేసి "ఎవరున్నారు సార్?" అని అడగడానికి ఎంత ఖర్చవుతుంది? ఒక విదేశీ ఆటగాడి విమాన టికెట్ డబ్బులతో ఏడాది నడుస్తుంది ఆ పని.

ఇది హైదరాబాద్‌కు తెలియని విద్య కాదు. సిటీ పోలీస్ జట్టు 1950 నుంచి 1954 దాకా వరసగా ఐదుసార్లు బొంబాయి రోవర్స్ కప్ ఫుట్‌బాల్ టోర్నీ గెలిచింది. దాన్ని తీర్చిదిద్దిన కోచ్ సయ్యద్ అబ్దుల్ రహీం, మా రహీం సాబ్, స్కూల్లో పాఠాలు చెప్పిన మనిషి. ఆయన కోచ్‌గా ఉన్నప్పుడే దేశం మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానం, 1962 జకార్తా ఆసియా క్రీడల్లో స్వర్ణం తెచ్చుకుంది. తులసీదాస్ బలరాం మా పక్క అమ్ముగూడ కుర్రాడు. ప్రాక్టీసుకు రావడానికి డబ్బుల్లేవంటే సైకిల్ అద్దెకు రహీం సాబే డబ్బులిచ్చారు. ఆ సైకిల్ అద్దె మన దేశానికి ఒక ఒలింపియన్‌ని ఇచ్చింది. బలరాం 2023 ఫిబ్రవరిలో పోయారు. ఆయన పేరు మా వీధి పిల్లల్లో ఒక్కడికీ తెలియదు. అది ఇంకో బాధ.

హైదరాబాద్‌దే ఇంకో క్లబ్ శ్రీనిధి డెక్కన్ ఉంది కదా అంటారు. ఉంది. ఐఎస్‌ఎల్ కింది మెట్టు ఐ-లీగ్‌లో వరసగా రెండు సీజన్లు రెండో స్థానంలో నిలిచింది, సంతోషం. నిజామాబాద్ అమ్మాయి గుగులోత్ సౌమ్య దేశం తరఫున ఆడుతోంది. కానీ క్లబ్ ఫుట్‌బాల్‌లో ఆమెకు పేరొచ్చింది కోల్‌కతా ఈస్ట్ బెంగాల్‌లో. మన పిల్లలకు ఆట రాదని ఎవరైనా అంటే నేను ఒప్పుకోను.

2024-25లో యాజమాన్యం మారింది. 13 జట్లలో పన్నెండో స్థానం. ఆ తర్వాత జట్టు ఢిల్లీకి వెళ్లి పేరు కూడా మార్చుకుంది. ఊళ్లో పెద్ద గొడవేమీ జరగలేదు. ఆ జట్టులో బొల్లారం కుర్రాడొకడు, పాతబస్తీ కుర్రాడొకడు, వరంగల్ కుర్రాడొకడు ఆడుతూ ఉంటే ఆ బస్తీలు ఊరుకునేవా? రోడ్డెక్కేవి. పదకొండు మందిలో నలుగురు మనవాళ్లుంటే ఆ క్లబ్ ఇవాళ ఇక్కడే ఉండేదని నేను గట్టిగా నమ్ముతాను.

హైదరాబాద్‌కు మళ్లీ క్లబ్ వస్తే చూస్తారా అని కూడా అడిగారు. చూస్తాను, మొదటి రోజే టికెట్ కొంటాను. కానీ స్ట్రైకర్ ఎవరని అడగను. అండర్-13 జట్టు కోచ్ ఎవరు, వాళ్లు ఏ మైదానంలో ప్రాక్టీసు చేస్తారు అని అడుగుతాను.

మావాడికి ఇప్పుడు ఆ హైదరాబాద్ పసుపు జెర్సీ పట్టడం లేదు, వాళ్ల చెల్లెలు వేసుకుంటోంది. ఆదివారం పొద్దున్న ఐదున్నరకల్లా ఇద్దరూ మైదానంలో ఉంటారు. కోచ్ సార్ గోనెసంచిలో ఆరు బంతులు తెస్తాడు. అందులో రెండింటికి గాలి నిలవదు. నలభై మంది పిల్లలు చుట్టూ నిలబడి చూస్తుంటే వాల్వ్‌లో సూది గుచ్చి సైకిల్ పంపుతో గాలి కొడతాడు.