పాత ఇల్లు పడగొట్టేముందు

అమ్మణ్ణీ,

చంద్రగిరిలో మీ అవ్వ వాళ్ల ఇల్లు సంక్రాంతి దాటాక పడగొడతారని మీ నాయన చెప్పాడు. ఆపమనను, దూలాలకు చెద పట్టింది. కానీ పాత సామాన్లవాణ్ణి మాత్రం అప్పుడే పిలవొద్దు. మా అమ్మ పోయాక వంటింటి సామానంతా నేను ఒక్క పూటలో తూకానికి వేసేశాను. ఏ గిన్నె ఎక్కడుండేదో ఇప్పుడు ఎంత తలచుకున్నా గుర్తు రావడం లేదు. ఆ బాధ నీకొద్దు.

నాలుగు రోజులు సెలవు పెట్టు. ఏదీ కదిలించకముందే ఫొటోలు తీసి, ఇంటి పటం గీసి, ఏది ఏ మూల ఉందో రాసుకో. సంగటి తెడ్డు పొయ్యి పక్కనుంటే ఒక కథ, అటక మీదుంటే ఇంకో కథ.

గిన్నెల అంచులు వెలుతురులో తిప్పి చూడు. చుక్కలు చుక్కలుగా కొట్టించిన పేర్లుంటాయి, ఎవరి పెళ్లికి ఎవరు చదివించారో తెలుస్తుంది. ట్రంకుపెట్టె అడుగున పరిచిన పేపరు పారేయకు. దాని మీది తేదీకి ముందు ఆ పెట్టె సర్దింది కాదు. పద్దు పుస్తకంలో అణాలు కనబడితే మాత్రం అది 1957కు ముందుదేనని తొందరపడి అనుకోకు. నయాపైసలు 1957 ఏప్రిల్ 1న వచ్చినా, మనవాళ్లు ఆ తర్వాత కూడా చాన్నాళ్లు అణాల్లోనే లెక్క చెప్పేవాళ్లు.

దీపం గూడు పక్కన చాకుతో ఒక అంగుళం మేర మెల్లగా గీకు. సున్నం పొరలు ఒకదాని కింద ఒకటి బయటపడతాయి. తెలుపు, నీలం, మళ్లీ తెలుపు, మధ్యలో సన్నటి మసి గీతలు. ఏ పొర దగ్గర మసి ఆగిందో చూడు. ఇంటికి కరెంటు వచ్చింది అప్పుడే కావచ్చు.

అవ్వను అడగడం చివరి రోజుకు పెట్టుకో. 1973లో విలియం రాత్‌జీ అనే ఆయన అమెరికాలోని టూసాన్‌లో ఇళ్ల చెత్తను పరిశీలించడం మొదలుపెట్టాడు. జనం తాగామని చెప్పిన బీరు కంటే చెత్తలో దొరికిన డబ్బాలు, సీసాలే ఎక్కువ. అందరూ అబద్ధమాడారని కాదు, రోజూ చేసే పనిని ఎవరు లెక్కపెట్టుకుంటారు? అందుకే ముందు వస్తువు, తర్వాత మాట. కుదువ చీటీలు, మందు సీసాలు దొరికితే అందరి ముందూ తీయొద్దు. అవ్వకు ఒక్కదానికే చూపించు, ఆమె వద్దంటే రాయకు.

పెరట్లో రోలు నేను వచ్చేదాకా అక్కడే ఉండనీ. శనివారం బస్సుకు వస్తాను, దాని గుంత ఎంత లోతు అరిగిందో ఇద్దరం కలిసి కొలుద్దాం.

మీ మామ